అన్ని గదులకీ నూట ఎనభై

“సరే, భోజనం అయింది కదా, ఇప్పుడైనా చెప్పు,” అంటూ అక్క పొద్దుటి గొడవ మళ్లీ అందుకుంది. “వంటింటి లైనుకి నూట ఎనభై, బాత్రూముకి నూట ఎనభై, హాలుకీ నూట ఎనభయ్యే. ఏంట్రా, అన్నీ కవలపిల్లలా?”

తమ్ముడు చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చున్నాడు.

ఇరవై రెండేళ్లుగా నిచ్చెనలెక్కి ఇళ్లకు వైరింగ్ చేస్తున్న మనిషి ఆవిడ. వీధంతా మీటరమ్మ అంటుంది. పని అయ్యాక ప్రతి లైనునూ టెస్టర్‌తో కొలిచి, ఆ అంకె ఫారంలో వేస్తే గానీ మెయిన్ స్విచ్ వెయ్యదు మరి. వైరు మీది తొడుగు కరెంటును బయటికి పోకుండా ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పేది ఆ అంకె; ఎంత పెద్దదైతే అంత మంచిది. ఒక ఇల్లంతా ఒకే అంకె రావడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

గిరగిరా తిప్పే పాత టెస్టర్ నిచ్చెన మీంచి జారిపడి మూగబోయింది. కొత్తది తెమ్మంటే, తమ్ముడు కొట్లో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదాన్ని చంకలో పెట్టుకొచ్చాడు. ఐదువేల వోల్టులు! దాంట్లో అతి తక్కువ సెట్టింగే వెయ్యి. ఇంటి లైన్లకు కావలసింది ఐదొందలు. ఆ సంగతి పనిలోకి దిగాకే వాడికి తట్టింది. చెప్పడానికి మొహం చెల్లక, కొలవకుండానే పన్నెండు గడుల్లోనూ నూట ఎనభై రాసి, ఫారం ఇంటి ఓనరు చేతిలో పెట్టి, కార్బన్ కాపీతో వచ్చేశాడు.

“ఎక్కువ వోల్టులైతే ఇంకా గట్టి టెస్ట్ అవుతుందనుకున్నా, అక్కా.”

“ముక్కుపుడక తూచడానికి లారీ కాటాకి పోయినట్టుంది నీ తెలివి.”

ఆవిడకి అసలు ఒళ్లు మండుతున్నది మాత్రం ఫారం కింద ఉన్న సంతకం చూసి. అది ఆవిడదే. ఎప్పుడూ నిచ్చెన మీదే ఉంటుంది గనక, ఖాళీ ఫారాల కట్ట మీద ముందే సంతకాలు గీకి పెట్టే అలవాటు ఆవిడకి. వాణ్ణి తిట్టిన ప్రతి తిట్టులో సగం ఆవిడకే తగులుతోంది. దాంతో కోపం ఇంకా పెరుగుతోంది.

వాణ్ణి వెంటేసుకుని కొట్టుకెళ్లింది. మార్చి ఇవ్వడానికి కొట్టతను గొణిగాడు గానీ, ఆవిడ చూసిన చూపుకి ఆ గొణుగుడు గొంతులోనే ఆగిపోయింది. రెండొందల యాభై, ఐదొందలు రెండు సెట్టింగులూ ఉండాలి. లైన్లో కరెంటుంటే కూతపెట్టాలి. టెస్ట్ అయ్యాక వైర్లలో మిగిలిన చార్జిని తనంతట తనే దించెయ్యాలి. అన్నీ అక్కడే నొక్కి చూసింది. తమ్ముడు రంగుల తెర ఉన్నదొకటి చూపించబోతే, సినిమా చూస్తావా దాంట్లో అని అడిగింది.

అట్నుంచి అటే ఆ ఇంటికి. అద్దెకొచ్చినవాళ్లు అట్టపెట్టెలు విప్పుతున్నారు. నడక నేర్చుకుంటున్న పాప ఒకతి వంటింటి గోడ పట్టుకుని తిరుగుతోంది. మెయిన్ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు పీకించి, బల్బులు విప్పించి, ఒక్కో లైనూ కొలిచింది. హాలు బాగుంది. బాత్రూము బాగుంది. వంటింటి లైను ఎంత లేదన్నా ఒకటి చూపించాలి. సున్నా పాయింట్ రెండు చూపించింది.

మళ్లీ కొలిచింది. అదే.

తమ్ముడు వంగి టెస్టర్ అంకె చూశాడు. అక్క ఈసారి గొంతు పెంచలేదు. “తడిచేత్తో ఆ పిల్ల తల్లి స్విచ్చేసి ఉంటే, వెళ్లి చెప్పేవాడివా, నూట ఎనభై అని?”

వంటింటి లైను బోర్డులోంచి పూర్తిగా విప్పేసి, చివర్లకు టేపు చుట్టింది. కొత్త వైరు లాగేదాకా ఈ గదిలో కరెంటు ఉండదని ఆ తల్లికి విడమరిచి చెప్పింది. కిందికి దిగాక తమ్ముడు వెనకాలే వచ్చి బతిమాలాడు. ఓనరుకి ఇంకా ఆరిళ్లున్నాయి, ఆ పనులన్నీ తమవే. రేపు వైరు మార్చేసి, కాగితం కూడా మార్చేస్తే ఎవరికీ తెలియదన్నాడు.

“నాకు తెలుసు కదరా.”

“పోనీ నేను మాట్లాడతా, అక్కా.”

“సంతకం నీదా?”

మెట్ల మీద కూలబడి, ఫోనులో ఓనరు నంబరు వెతకడం మొదలుపెట్టింది. ముందు ఆ కాగితం చింపెయ్యమనాలి. తర్వాత, అది చూడకుండా పెట్టిన సంతకమని చెప్పాలి.