నిమ్మచెక్క దీపాల ముందు

మా ఆయన సరుకుల ఓడలో ఇంజనీరు. మూడు వారాలుగా ఆ ఓడ గల్ఫ్‌లో లంగరేసి ఉంది. తలమీదుగా క్షిపణులు పోతున్నాయని ఆయనే ఫోన్‌లో చెప్పాడు. దిగి వచ్చేయమన్నాను. ఆ చోటుని యుద్ధ ప్రాంతంగా ప్రకటిస్తేనే ఓడ దిగే హక్కు వస్తుందట.

కంపెనీకి ఫోన్ చేశాను. "ఇప్పటికైతే అది ఉద్రిక్తతే మేడమ్, యుద్ధం కాదు" అన్నాడొకాయన, రేపు వాన పడదని చెప్పినంత తేలిగ్గా. ఒళ్ళు మండిపోయింది. యుద్ధం అన్న ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని, బెంగళూరు ఫ్లాట్‌లో తలుపేసుకుని రోజంతా టీవీ ముందే కూర్చునేదాన్ని.

మంగళవారం రాహుకాలంలో అత్తమ్మ నన్ను అమ్మవారి గుడికి లాక్కెళ్ళింది. పిండిన నిమ్మచెక్కల్ని తిరగేసి, నూనె పోసి, ఇద్దరం దీపాలు పెట్టాం.

"యుద్ధం రానీయొద్దు తల్లీ అని మొక్కుకో. వాడు ఆడ సముద్రంలో ఉండాడు" అంది.

కళ్ళు మూసుకున్నాను. దీన్ని యుద్ధమని ప్రకటించేలా చూడు తల్లీ అని మొక్కుకున్నాను.

"మొక్కినావా?"

తలూపాను. అత్తమ్మ నా నుదుట కుంకుమ పెట్టింది.

"నీ మాట ఆయమ్మ వింటాదిలే" అంది.