నోటితో దింపిన బరువు

జలంధర్ పదిహేడేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు. అందులో ఎనిమిదేళ్ళుగా చేతులతో మాట్లాడుతున్నాడు.

క్రేన్ కింద నిలబడి సైగ చేయడం అతని పని. చూపుడువేలు పైకెత్తి తిప్పితే బరువు లేస్తుంది. కిందికి చూపి తిప్పితే దిగుతుంది. పిడికిలి ఎత్తితే ఎక్కడిదక్కడ ఆగుతుంది. కోరుట్ల అవతలి ఊరి నుంచి వచ్చిన కొత్తలో ఏ భాషా సరిగా రాక చేతుల్ని నమ్ముకున్నాడు. తొమ్మిదేళ్ళు మూటలు మోశాక ఆ చేతులవల్లనే నారింజ రంగు జాకెట్ వచ్చింది. దాని వీపు మీద సిగ్నల్‌మన్ అని రాసి ఉంటుంది.

పోయిన నెలలో అవే చేతులు అతన్ని ఇబ్బందిలో పెట్టాయి. కొత్త భవనం వెనక, గోడ చాటున, పెద్ద రేకు గొట్టం దింపుతున్నారు. క్రేన్ నడిపే నిసార్ అహ్మద్‌కు ఆ చోటు కనపడదు. అలాంటప్పుడు రేడియోలో చెప్పాలి. జలంధర్ రేడియో నోటి దగ్గర పెట్టుకుని, "కమ్ డౌన్, కమ్ డౌన్" అన్నాడు. గొట్టం అంచు గోడ దగ్గరికి వచ్చింది. అలవాటుగా పిడికిలి ఎత్తాడు. నోరు తెరవలేదు.

మాట వినపడక నిసార్ తనంతట తానే ఆపాడు. ఈలోగా గోడకు వేసిన పూత జానెడు మేర రాలింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎవరికి చూపించినవ్ భాయ్ పిడికిలి?" అని అడిగాడు నిసార్, కిందికి దిగివచ్చి, ఇంకా ఎత్తే ఉన్న చెయ్యి చూసి.

జలంధర్ చూపించింది గోడకు.

ఇంజనీర్ కేకలు వేయలేదు. జాకెట్ విప్పి ఇవ్వమన్నాడు. పదిహేను రోజుల్లో రేడియో పరీక్ష ఉంటుంది. గోడ చాటు బరువును మాటలతోనే దింపాలి. దింపితే జాకెట్ తిరిగి వస్తుంది. లేకపోతే మళ్ళీ హెల్పర్ పని. జలంధర్‌కు నలభై ఆరేళ్ళు.

కూలీలుండే బర్వా అల్ బరాహా క్యాంపు నుంచి కంపెనీ బస్సు తెల్లవారి అయిదింటికి బయలుదేరుతుంది. నడిపేది ఈరన్న, ఆదోని వైపు మనిషి. కాలేజీ మొహం చూసినవాడు. అతని వెనక సీటులో కూర్చుని జలంధర్ సంగతి చెప్పాడు.

"ఇంగ్లీషు అంటే భయమెందుకప్పా," అన్నాడు ఈరన్న. "అది కూడా సైటే. అందులో పనిచేసే మాటలు శానా తక్కువ. గో, కమ్, టేక్, పుట్, హోల్డ్. వీళ్ళు కూలోళ్ళు. పక్కన అప్, డౌన్, ఆన్, ఆఫ్ అని చిన్న చిన్నవి ఉంటాయి చూడు, అవి మేస్త్రీలు. మేస్త్రీ మారితే కూలోడి పని మారిపోతాది."

"ఎట్ల?"

"టేక్ ఉండాడు. ఆఫ్ వచ్చి నిలబడితే చెప్పులు విప్పుతాడు. ఓవర్ వచ్చినాడనుకో, ఇంకొకడి డ్యూటీ నెత్తిన వేసుకుంటాడు. టేకే కదా ఇద్దరూ."

"మరి టేక్ రెస్ట్ అంటరు గదా. రెస్ట్ కూడ మేస్త్రీయేనా?"

ఈరన్న కొంచెం ఆలోచించాడు. "కాదప్పా. అది మూట. మేస్త్రీ లేనప్పుడు కూలోడు మూట ఎత్తుకుంటాడు. టేక్ రెస్ట్. టేక్ కేర్. నువ్వు ఏ మూట ఎత్తుకుంటే నీ పని అదే."

జలంధర్ కిటికీ వైపు తిరిగాడు. ఇండస్ట్రియల్ ఏరియా గోదాములు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. మన మాటలూ ఇంతేనేమో అనుకున్నాడు. భయపడటం, కష్టపడటం, ఇష్టపడటం. పడటం ఒకటే. పక్కన ఏముందో దాన్నిబట్టి మనిషి ఎక్కడ పడ్డాడో తెలుస్తుంది.

మాటలు నాలుగు రోజుల్లో వచ్చాయి. కమ్ డౌన్, గో అప్, స్లో డౌన్, హోల్డ్ ఆన్. కాని చెయ్యి కదిలితేనే నోరు కదిలేది. చెయ్యి లేస్తే నోరు తన పని అయిపోయినట్టు ఊరుకునేది. ఈరన్న ఒక ఉపాయం చేశాడు. రోజూ బస్సెక్కగానే చిక్కటి కరక్ చాయ్ కప్పు ఒకటి అతని కుడిచేతికి ఇచ్చేవాడు. "తాగొద్దు. పట్టుకో. ఒలికితే చెయ్యి లేచినట్టు."

దింపడానికి బరువు కావాలి కదా. అది ఊళ్ళో ఉన్న భార్య సునంద దగ్గర దొరికింది.

బస్సు కదిలే వేళకు ఊళ్ళో ఏడున్నర అవుతుంది. నల్లా వచ్చినా సునంద బట్టలకు పెరటి బావి నీళ్ళే తోడుతుంది. ఫోను స్పీకర్ పెట్టి బావి గట్టు మీద ఉంచింది. చేతులు కనపడకూడదని వీడియో వద్దన్నాడు జలంధర్. నాలుగు మాటలకూ అర్థం ముందే చెప్పాడు.

"నేను చెప్పినట్టే దింపాలె. చెప్పకపోతే దింపొద్దు."

"ఇన్నేండ్లు ఎవరు చెప్తే తోడిన్నో," అంది సునంద. "సరే, చెప్పు."

"కమ్ డౌన్."

గిరక కిర్రుమంది. అతను కళ్ళు మూసుకున్నాడు. తను తవ్వించిన బావి అది. ఎన్ని బారల లోతో అతనికి తెలుసు. "కమ్ డౌన్, కమ్ డౌన్. స్లో డౌన్." నీళ్ళ దగ్గరికి వచ్చి ఉంటుంది. వేడి చాయ్ వేళ్ళ మీద పడింది.

గిరక ఆగింది.

"చెయ్యి ఎత్తినవ్ గదా," అంది సునంద.

"నీకెట్ల తెల్సు?"

"ఊకున్నవంటే ఎత్తినట్టే. నాకేం కనపడతది? నోటితోని చెప్పు."

పక్కింటి రాములవ్వ గోడ మీదుగా తొంగిచూసింది. "ఏందే సునందా, పొద్దుగాల్నే బాయితోని ఇంగ్లీషా?"

"బాయితోని కాదవ్వా. ఖతర్ల ఉండి మా ఆయన బొక్కెన దింపుతుండు."

"అంత దూరం పోయినా నీళ్ళు తోడుడు తప్పకపాయె వానికి," అంది రాములవ్వ. బస్సులో ఫోను స్పీకర్‌లో విని ఈరన్న పకపక నవ్వాడు.

రోజుకు ఆరు బొక్కెనలు. చాయ్ మొదట నాలుగుసార్లు ఒలికింది. తర్వాత రెండుసార్లు. పదకొండో రోజున ఒలకలేదు. ఆ రోజు కప్పులో చల్లారిన చాయ్‌ని జలంధర్ మొత్తం తాగాడు.

పరీక్ష రోజున బరువు ఇసుక నింపిన ఇనుప పెట్టె. ఎత్తయిన రేకుగోడ వెనక, నేల మీద సున్నంతో చతురస్రం గీశారు. పెట్టె అందులో దిగాలి. పరీక్ష పెట్టే అధికారి కాగితాల అట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గోడకు అవతల నిసార్.

"కమ్ డౌన్," అన్నాడు జలంధర్. "కమ్ డౌన్, కమ్ డౌన్."

పెట్టె నీడ చతురస్రం మీదికి వచ్చింది. కొంచెం తిరిగింది. ఒక మూల సున్నపు గీత దాటుతోంది. ఆపాలి. అతని కుడిచెయ్యి లేచింది. పిడికిలి బిగిసింది. చేతిలో చాయ్ లేదు.

అవతల ఎవరికీ ఏమీ కనపడదు. నాకేం కనపడతది, అంది కదా సునంద. గిరక ఆగిన నిశ్శబ్దం చెవిలో వినపడింది.

"హోల్డ్ ఆన్," అన్నాడు.

పెట్టె ఆగింది. మూల సర్దుకునేదాకా చూశాడు. "స్లోలీ. కమ్ డౌన్. స్లో డౌన్. స్లో డౌన్." ఇసుక బరువు నేలకు ఆనింది. నాలుగు గీతలూ పెట్టె బయటే ఉన్నాయి. అధికారి అట్ట మీద ఏదో రాసుకుని, పైకెత్తి ఉన్న పిడికిలి వంక చూసి చిన్నగా నవ్వాడు. అప్పుడు జలంధర్ దాన్ని దించుకున్నాడు.

సాయంత్రం జాకెట్ తిరిగి ఇచ్చారు. ఎవరో మడత పెట్టి ఉంచారు.

మర్నాడు తెల్లవారి బస్సు కదిలింది. ఫోను మోగితే జలంధర్ స్పీకర్ పెట్టాడు.

"ఏమైంది?" అంది సునంద.

జలంధర్ ఏమీ అనలేదు.

"ఈరన్న తమ్మీ, ఏం చేస్తుండు?"

ఈరన్న అద్దంలో చూశాడు. "బొటనవేలు చూపిస్తాండాడక్కా. ఫోనుకు."

సునంద నవ్వింది. చాలాసేపు నవ్వింది. గిరక శబ్దం మొదలైంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే బొక్కెన దిగుతోంది. జలంధర్ విన్నాడు. పదిహేడేళ్ళలో అనని మాట ఒకటి ఉంది. దానికి సైగ లేదు.

"సునందా, నువ్వు మస్తు యాదికొస్తున్నవ్."

గిరక ఆగింది. బస్సు రెండు సిగ్నళ్ళు దాటింది. తాడు మీద ఆమె చెయ్యి అలాగే ఉందని అతనికి తెలుసు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోందేమో. తల ఊపుతోందేమో.

"నాకేం కనపడతది?" అన్నాడు జలంధర్ మెల్లగా. "నోటితోని చెప్పు."