ఏరేసిన గూళ్లు, సరుగుడు కొమ్మ

నాయన పోయిన ఏడు మా ఇంట్లో క్రిస్మస్ ఉండదని అమ్మ నవంబరులోనే తేల్చేసింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ చేయకూడదని మా పెద్దవాళ్ల పట్టింపు. అలాంటివి మనకు లేవని పాస్టరుగారు చెబుతూనే ఉంటారు, మావాళ్లు తలలూపుతూ వింటూనే ఉంటారు, ఇంటికొచ్చి చేసేది మాత్రం చేస్తూనే ఉంటారు. నక్షత్రం కట్టకూడదు, సున్నం కొట్టకూడదు, కజ్జికాయలు చేయకూడదు, కొత్త గుడ్డలు కట్టకూడదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడు రోజులు అమ్మతో పోట్లాడాను. నిజానికి నా పోరు పండగ కోసం కాదు. నాయన వేసవిలో పోయాడు. ఆయన్ని పడుకోబెట్టింది ముందు హాల్లోనే. ఆయన వైరు కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి అమ్మ ఆ హాల్లో అడుగు పెట్టలేదు. తిండి వంటింట్లో, పడక వంటింటి పక్క గదిలో, రాకపోకలన్నీ పెరటి తలుపు గుండా. ఆమెను చూసి మేమూ పెరటి దారికే అలవాటు పడిపోయాం. హాల్లోకి తెరుచుకునే వీధి తలుపు చుట్టాలొస్తే తప్ప తెరిచేవాళ్లం కాదు. పండగ రోజు ఒక్కసారైనా అమ్మ ఆ హాల్లో కూర్చోవాలని నా ఆశ. ఆ మాట ఆమెతో అనలేదు. అని ఉంటే అదీ కుదరదనేది.

మూడో రోజు అమ్మ కాస్త దిగివచ్చింది.

"కొన్నదేదీ గడప దాటి లోపలికి రాగూడదు. ఇంట్లో ఉండేదాంతో ఏం సేసుకుంటావో సేసుకో పాపా. నన్ను మాత్రం ఆ హాల్లోకి పిలవద్దు."

నాకు నలభై దాటినా అమ్మకు పాపనే. సగం వరం చేతికొచ్చింది కదా అని సర్దుకున్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా మల్బరీ, పట్టుపురుగులే మా బతుకు. మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు, పాలవ్యాను తోలుతాడు. నాయన లేకుండా అమ్మా నేనూ పెంచిన మొదటి పంట ఆ డిసెంబరుదే. పురుగులు చంద్రికలనే వెదురు తడికలెక్కి గూళ్లు కట్టాయి. ఆ గూళ్లు విడదీసి, శుభ్రం చేసి, మార్కెట్టుకు వేసి వచ్చాం. మచ్చ పడినవీ, మెత్తగా ఉన్నవీ ఏరేస్తే అవి ఒక బుట్ట అడుగున మిగిలాయి. పంట బాగా వచ్చిందని ఊళ్లో అందరూ అన్నారు.

పండగకు రెండు రోజుల ముందు హాలు ఊడ్చాను. పోయిన ఏటి మెరుపు కాగితాలు అటక మీద ఉన్నాయి కానీ, అవి తీస్తే అమ్మ మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. మా ఆయన చేని గట్టు మీది సరుగుడు చెట్టు కొమ్మ ఒకటి నరుక్కొచ్చాడు. చిల్లిపడిన కుండలో ఇసుక పోసి దాన్ని నిలబెట్టాం. పురుగులు పెంచే షెడ్డులోంచి ఒక పాత చంద్రిక తెచ్చాం. అది మంచమంత వెదురు తడిక, దాని మీద సుడులు తిప్పుతూ అల్లిన వెదురుబద్ద. కొమ్మ వెనక గోడకు ఆనిస్తే అదే ఇంత అందంగా ఉంటుందని ఇన్నేళ్లూ నాకు తోచలేదు. పురుగులు ఆకు తినేయగా మిగిలిన మల్బరీ పుల్లలు ఐదు గోనె పీచుతో కట్టి నక్షత్రం చేశాను. ఒక కాలు పొట్టిదైంది. దాన్ని చంద్రిక మధ్యలో తగిలించి, కింద వరిగడ్డి పరిచి, రాగి వెన్నులు రెండు కట్టలు పెట్టి, షెడ్డు లాంతరు తుడిచి పక్కన ఉంచాను.

కొమ్మకు వేలాడదీయడానికి ఏమీ లేదే అనుకుంటుంటే ఏరేసిన గూళ్లు గుర్తొచ్చాయి. గూటి మీద పీచు ఉంటుంది కదా, దానికి దారం కట్టి ఒక్కొక్కటే కొమ్మకు తగిలించాను. తెల్లగా, పొందిగ్గా వేలాడాయి.

పండగ ముందు సాయంత్రం అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. కొమ్మను చూసింది, చంద్రికను చూసింది. వెదురుబద్ద విరక్కుండా చూసుకోమని చెప్పి వెనక్కి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని తంటాలు పడి నేను అలంకరించింది నాయన ఖాళీ కుర్చీ కోసమా అనిపించింది. ఆ ఉక్రోషం తీర్చుకోవడానికి మా ఆయన దొరికాడు.

పొద్దున చర్చికి పోయే ముందు దీపం వెలిగిద్దామని హాల్లోకి వెళ్లాను. కొమ్మ మీద ఏదో కదిలింది. దగ్గరికెళ్లి చూస్తే, ఒక గూటి కొస తడిసి చిల్లు పడింది. దాన్ని పట్టుకుని ఒక తెల్లటి రెక్కల పురుగు, రెక్కలు ఇంకా ముడతలు పడి, తడితడిగా. కింది కొమ్మ మీద ఇంకో రెండు. ఒకటి పాక్కుంటూ పోయి నా నక్షత్రం మీద కూర్చుంది. గడ్డి మీద అవి వదిలిన గోధుమరంగు మరకలు.

ముప్ఫై ఏళ్లు పట్టు పెంచిన ఇంట్లో పెరిగి నేను చేసిన తప్పు అది. పిల్ల పురుగులను పట్టు కేంద్రం నుంచి తెచ్చుకుంటాం, గూళ్లు కట్టగానే మార్కెట్టుకు వేసేస్తాం. ఆ తర్వాత దారం తీయడానికి అవి ఉడికే నీళ్లలోకి పోతాయి. గూడంటే మాకు సరుకు. చిల్లు పడితే దానికి విలువ లేదు. ఏరేసిన వాటిలోనూ ప్రాణం ఉంటుందనీ, అది ఒకరోజు బయటికొస్తుందనీ నాకు గుర్తే రాలేదు.

పిలవద్దన్న మాట మరిచిపోయి అమ్మను పిలిచాను.

ఆమె చేతిలో గరిటెతోనే గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏమైందని అడిగింది. నేను చూపించాను. అమ్మ కొంచెంసేపు అక్కడే నిలబడింది. తర్వాత గడప దాటింది. తాను దాటినట్టు ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. కొమ్మ దగ్గరగా ఉన్న కుర్చీ ఒక్కటే, నాయనది. దాంట్లో కూర్చుని ముందుకు వంగింది.

"ఇన్నేండ్లు పెంచినాం. ఒక్కదాన్ని గూడా ఇట్ల సూళ్లేదు నేను. మీ నాయన గూడా సూళ్లేదు."

అంతవరకూ బాగానే ఉన్న అమ్మ, ఆ చివరి మాటకు ఏడ్చింది. వేసవి నుంచి నేను ఆమె ఏడుపు చూడలేదు. పక్కన కింద కూర్చుని నేనూ ఏడ్చాను. మా ఆయన మూడు గ్లాసుల కాఫీ తెచ్చి, ఏం చేయాలో తెలియక మూడూ పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత అమ్మ కళ్లు తుడుచుకుని, అవి ఎగిరిపోవాలేమో కిటికీ తీయమంది. పట్టుపురుగు రెక్కలకు ఎగిరే శక్తి ఉండదని నేను ఎక్కడో విన్నాను. చెప్పబుద్ధి కాలేదు. కిటికీ తీశాను. అవి ఎక్కడికీ పోలేదు, రెక్కలు టపటపలాడిస్తూ కొమ్మ మీదే తిరిగాయి. అమ్మ కాఫీ అక్కడే తాగింది. పురుగుల మరకలు కడగాలని గొణిగింది. ఆరాధనకు మేము ఆలస్యంగా పోయాం.

తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. అలవాటుగా నేను ఇల్లు చుట్టి పెరటి వైపు నడిచాను. నాలుగడుగులు వేశాక అమ్మ నా వెనక లేదని తెలిసింది. తిరిగి చూస్తే వీధి తలుపు ముందు నిలబడి ఉంది.

"తలుపు ఈడుండాది గదా. ఆడికెందుకు పోతాండావు?"

వీధి తలుపు తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. వెనక్కి వచ్చి తీశాను.