సాయానికి ఎగబడ్డవాళ్లు

మా డాక్టరమ్మ పోయిందని మొన్న భీమిలి నుంచి కబురొచ్చింది. ఊపిరితిత్తుల వైద్యంలో ఆమెకి పేరుంది కాబట్టి అందరూ మంచి మాటలే రాస్తారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చింది ఆమె తప్పిన మాట. “సాయంత్రానికి మీ తమ్ముణ్ణి ఇంటికి పంపించేస్తాను బాబాయ్” అని ఏళ్ల క్రితం ఒక పొద్దున నాకు మాటిచ్చింది. పంపలేదు.

తమ్ముడు ఫిషింగ్ హార్బర్‌లో మా బావ ఐస్ ప్లాంటులో మెకానిక్. ఆ పొద్దున వాల్వు దగ్గర అమ్మోనియా లీకై వాడు పీల్చేశాడు. ఆసుపత్రిలో చేర్చిన గంటకే దగ్గు తగ్గి, నర్సుల మీద జోకులేస్తున్నాడు. సాయంత్రం మేం బట్టలు సర్దుకుంటుంటే డాక్టరమ్మ వచ్చి వాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. ఎప్పుడూ కళ్లు మూసుకునే వినేది. ఆ వేళ ఎంతసేపటికీ తెరవలేదు.

“ఎక్కడికీ ఎల్లొద్దు.”

“మాటిచ్చేవు కదమ్మా!”

“ఇచ్చేను. ఇప్పుడు తప్పతన్నాను. తిట్టుకోండి.”

“పేపరోళ్లకి తెలిస్తే పరువేటవుద్ది బావా? తీసుకుపోదాం పద” అన్నాడు మా బావ. నేనూ అతని పక్షానే అరిచాను. ఆమె తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

తెల్లారేసరికి తమ్ముడు వెంటిలేటర్ మీద ఉన్నాడు. రక్తంలో తెల్లకణాలు బాగా పెరిగాయని రిపోర్టు వచ్చింది. పోర్టులో గుమాస్తాగిరీ చేస్తూ చదివిన పుస్తకాలన్నీ ఆమె మీద ప్రయోగించాను. ఇది ఇన్ఫెక్షనే, నువ్వు దాస్తున్నావన్నాను. ఆమె కసురుకోలేదు. సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టిన పిల్ల, ఆ భాషలోనే చెప్పింది.

“దెబ్బతిన్న పడవ ఒడ్డుకొస్తే జనం ఏటి సేస్తారు బాబాయ్?”

“సాయానికి ఎగబడతారు.”

“అందరూ ఒక్కసారే ఎక్కేస్తే?”

“మునుగుతుంది.”

“ఆళ్లు సెడ్డోళ్లా మరి? ఈ తెల్లకణాలూ అంతే. గ్యాసు కాల్చిన సోటికి సాయానికొచ్చేయి. క్రిముల్ని సంపడానికి దాసుకున్న సరుకంతా ఊపిరితిత్తుల గోడల మీదే కుమ్మరించేయి. ఇప్పుడా గోడలు కారతన్నాయి. గాలుండాల్సిన సోట నీరు సేరింది.”

“అయితే ఆ కణాల్నే చంపెయ్యి.”

“సంపకూడదు. రేపు ఆ సెత్తంతా ఊడ్సేదీ తెల్లకణాలే. ఎక్కినోళ్లు దిగేదాకా పడవని తేల్సి ఉంచాలి. నా పనల్లా అదే.”

పదకొండు రోజులు తేల్చి ఉంచింది. పాలిపోయినట్టు తెల్లగా ఉన్న ఎక్స్‌రేలో గోరంత నలుపు కనిపించినా నన్ను పిలిచేది. “ఇదిగో, గాలి తిరిగొస్తంది.” నలుపుని చూసి సంతోషించడం నాకు ఆమే నేర్పింది. గొట్టం తీశాక తమ్ముడు అన్న మొదటి మాట, “అన్నియ్యా, నీ అరుపులు లోపలికినిపించేయి.” ఆమె పడీపడీ నవ్వింది. ఆమెని క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

మొన్న ఇసకలో ఆమె పాడె ఒక కొమ్ము తమ్ముడే మోశాడు. ఎక్కడా ఆగలేదు, ఆయాసపడలేదు. వెనకాల మా బావ నడుస్తున్నాడు. వాల్వు అరిగిపోయిందని తమ్ముడు ముందే చెప్పినప్పుడు “సీజన్ పోనీరా, అప్పుడు మారుద్దాం” అన్న మనిషి. తమ్ముడు వెనక్కి తిరిగి, అతన్ని పిలిచి భుజం పక్కన చోటిచ్చాడు. వాడి గుండె పెద్దది. నాది కాదు. నా తప్పు నాకుంది. కానీ వాడి ఊపిరి తీయబోయినవాడు మా బావే.