మేక కడుపులో నేను వెతికిన క్లోమం

మొన్న ఏఎస్ రావు నగర్‌లో కడుపు స్కానింగ్‌కు పడుకున్నప్పుడు, నా మనవరాలి వయసున్న డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి, జీర్ణాశయం వెనకాల అడ్డంగా ఉన్న బూడిదరంగు మరకను చూపించి, ఇదే మీ క్లోమం తాతగారూ, ఇన్సులిన్ ఇక్కడే తయారవుతుంది అని చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. నాకు తెలుసమ్మా అనబోయి ఊరుకున్నాను. ఆ మాట అనవలసిన చోట అనక యాభై ఏళ్లు దాటిపోయాయి.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఉప్పల్ ఇంకా ఊరే. నాచారం మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగి, మట్టిదారిన సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మా వీధి చివరి రెండు గదుల గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. మెట్రిక్‌తో చదువు ఆగిపోయిన నాకు అదే కాలేజీ. అక్కడ అట్ట ఊడిన శరీరశాస్త్రం పుస్తకం ఒకటి తెలుగులో ఉండేది. అందులోని జీర్ణాశయం, దాని వెనక క్లోమం బొమ్మలను నోటుబుక్కులోకి దించుకుని, కడుపులో ఊరే ఆమ్లం ఏం చేస్తుందో, ఆ పులుపును చిన్నపేగు మొదట్లో క్లోమరసం ఎలా విరుస్తుందో కంఠతా పట్టాను. మా నాన్నకు కడుపులో మంట ఉండేది. పరగడుపున చాయ్ తాగవద్దని నెలల తరబడి చెప్పాను. ఆయన గ్లాసు దించితే కదా.

మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా మేనత్త కొడుకు నాకంటే ఆరు నెలలు చిన్న. వాడికి మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఏడాది నిండకముందే మా ఇంటికి వచ్చి, నేను చెప్పిన మాటే ఒక్కసారి చెప్పాడు. మర్నాటి నుంచి నాన్న చాయ్‌కి ముందు రొట్టెముక్క తినడం మొదలుపెట్టాడు. ఆ నమిలే చప్పుడు కూడా నాకు సహించేది కాదు. వాడు తెల్లకోటు సంచిలోంచి బయటికి కనబడేలా పెట్టుకుని తిరుగుతాడని కూడా నాకు మంట. ఇప్పుడు ఆలోచిస్తే, సంచే చిన్నదై ఉండవచ్చు.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా వాకిట్లో మేకను కోశారు. బోటి కడగడానికి అమ్మ, మేనత్త కూర్చున్నారు. వాళ్ల ముందు, నాన్న ముందు వాడి డాక్టరు చదువెంతో తేల్చాలని, క్లోమం ఎక్కడుందో చూపించమన్నాను. వాడు నవ్వి, నువ్వే చూపించు బావా అన్నాడు. నా బొమ్మలో ఉన్నది ఒక్క సంచి. ఇక్కడేమో ఒకదానికొకటి అతుక్కుని నాలుగు. మేక కడుపుకు నాలుగు అరలుంటాయని నా పుస్తకం చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద సంచిని పైకెత్తి, దానికి అంటుకుని ఉన్న నల్లటి ముక్కను చూపించి, ఇదే క్లోమం అన్నాను.

"అరే, అది తిల్లిరా," అన్నది మేనత్త. "పోరగాండ్లకు గూడ ఎరుకే. మా మిల్లు డాక్టర్ సాబ్, జర చెయ్యి కడుక్కో."

నేను క్లోమమన్నది ప్లీహాన్ని. నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. వాడు మాత్రం నవ్వకుండా, చిన్నపేగు మొదలు పట్టుకుని, దాని పక్కన గులాబిరంగులో గడ్డలుగడ్డలుగా ఉన్నదాన్ని రెండు వేళ్లతో పైకి తీసి, మళ్లీ కింద పెట్టాడు.

అన్నాలయ్యాక వాడు బయట అరుగు మీద నా పక్కన చేరాడు.

"బావా, కడుపుల యాసిడ్ మాంసాన్ని గూడ అరగదీస్తది గదా. మరి కడుపునెందుకు తినదు? మా సార్ అడిగిండు, ఇంగ్లీషుల నోరు రాలే. సూస్తే అన్నీ గుర్తువడ్తయి గానీ చెప్పొస్తలేదు. సెలవులైనంక పరీక్ష. నువ్వు తెలుగుల సదివినవు, జర సమజయ్యేటట్టు చెప్పు."

కడుపు లోపలి గోడకు జిగురు పొర ఒకటి ఉంటుందని, ఆమ్లాన్ని అదే ఆపుతుందని, నోటుబుక్కులో కుడివైపు పేజీలో ఎర్ర పెన్సిలుతో గీత గీసి రాసుకున్నాను. నాన్న నవ్వు ఇంకా చెవిలో ఉంది.

"ఏమో, నేను గంత దూరం సదవలే," అన్నాను.

వాడు ఆ పరీక్ష తప్పాడు. మేనత్త మా ఇంటికి వచ్చి ఏడుస్తుంటే, నేను మంచినీళ్లిచ్చి, తల వంచుకుని, లోపల పండగ చేసుకున్నాను. ఆరు నెలల తర్వాత వాడు మళ్లీ రాసి గట్టెక్కాడు, మంచి డాక్టరయ్యాడు, చివరిదాకా నాన్నకు మందులు వాడే ఇచ్చాడు. వాడు పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు గ్రంథాలయం దాకా సైకిలు తొక్కనక్కర్లేదు. ఫోనును అడిగితే తెలుగులోనే చెబుతుంది. నా మనవలు నన్ను ఏదీ అడగరు, వాళ్ల తప్పూ కాదు. అన్నేళ్లు అన్ని పుస్తకాలు చదివింది ఎవరైనా ఒక్కసారి అడుగుతారనే. నా జీవితంలో అలా అడిగింది వాడొక్కడే.