పార్టీ పేరు దాచి వార్త చదివే దర్జీ

ప్రొద్దుటూరులో మా వీధి దర్జీ కొట్టుకు రెండు పేపర్లు వస్తాయి. ఒకటి మా పార్టీది, రెండోది అవతలి వాళ్ళది. అవతలి పేపరును నేను చేత్తో కూడా తాకను. ఆ దర్జీ సాయిబు మాత్రం రెండూ చదివి, పార్టీ పేరు దాచి మాకు వార్త వినిపిస్తాడు. తప్పో ఒప్పో ముందు మేం తేల్చాలి. పేరు ఆ తర్వాతే.

ఒకరోజు జమ్మలమడుగు వార్త చదివాడు. ర్యాలీలో పోతున్న కుర్రాళ్ళు ఒక ముసలామె ఇడ్లీ బండిని తోసి పగలగొట్టారట.

"తోలు తీయాల ఒక్కొక్కనికి," అన్నాను.

"మీ పార్టీవోళ్ళేప్పా."

"రోడ్డుకు అడ్డంగా పెట్టుకుంటే పడదా మరి?" అనేశాను వెంటనే. మా పేపర్లోనైతే గాలికి పడిందని రాశారు. నేను అదీ నమ్మడానికి సిద్ధమే.

కొట్టంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. దర్జీ మాత్రం నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో మరుసటి రోజు ప్యాంటు కోసం పోయినప్పుడు తెలిసింది. ఆయన చెల్లెలి భర్త పులివెందుల నుంచి వచ్చి కూర్చుని ఉన్నాడు. బండి తోసిన వాళ్ళలో అతని కొడుకూ ఉన్నాడు. గుడ్డ కొనడానికి ఆ రోజు జమ్మలమడుగు వెళ్ళిన దర్జీ అది కళ్ళారా చూశాడు. ముసలామె సాక్షిగా ఈయన్నే చూపించింది. కేసు పడితే మేనల్లుడికి రాబోయే కువైట్ ఉద్యోగం పోతుంది.

"మనోళ్ళ తప్పు కప్పమని మన మతంలోనే ఉంది గదా భాయ్," అన్నాడు చెల్లెలి భర్త. నేనూ తలూపాను. గీతలో నాకు పనికొచ్చే ముక్కలే ఏరుకునే రకం నేను.

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "ఉంది. సొంతోళ్ళ మీదైనా నిజమే చెప్పమని గూడా ఆడనే ఉంది. అది మనకెందుకు కనపడల్యా?"

నా మోటారు సైకిల్ మీదే దర్జీని జమ్మలమడుగు పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళాను. "సరిగ్గా చూడలేదని చెప్పు మామా," అని దారిలో రెండుసార్లు అన్నాను.

"నువ్వు ముందు చూసి తోలప్పా," అన్నాడు.

చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టాడు. బయట గేటు దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. "ఈ పొద్దు నుంచి నాకు అన్న లేడు," అని మొహం తిప్పుకుంది. ఆయన నా వెనక కూర్చుని ప్రొద్దుటూరు దాకా ఏడుస్తూనే వచ్చాడు.

అంత గట్టి మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఆయన చోట నేనుంటే, సరిగ్గా చూడలేదని చెప్పి, ఇంటికొచ్చి హాయిగా అన్నం తినేవాణ్ణి.