మామ ఫ్రేములోకి రావాల్సిన పాట

మా మేనమామ చనిపోయాడన్న సంగతి నాకు జనగామ బస్టాండు పక్కన ఇడ్లీ తింటున్నప్పుడు తెలిసింది. పాఠకులు క్షమించాలి, ఇంతకన్నా గంభీరమైన చోట తెలిసి ఉంటే బాగుండేది. అమ్మ ఫోన్ చేసి "మామ ఇగ లేడురా" అంది. నేను వెంటనే "అబద్ధం, ఇప్పుడే స్టేటస్ పెట్టిండు" అన్నాను.

నిజంగానే పెట్టాడు. తెల్లారగానే ఏదో ఒక తమిళ పాట ముక్కను, సౌండ్ తీసేసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టందే ఆయనకు చాయ్ దిగేది కాదు. ఆ రోజు కూడా పెట్టి, చాయ్ తెమ్మని అత్తకు చెప్పి, ఛాతీ పట్టుకుని కుర్చీలోనే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. స్టేటస్ మాత్రం బతికే ఉంది. మానుకోట పోయే బస్సులో కూర్చుని నేను దాన్నే మళ్లీ మళ్లీ చూశాను. ఒకామె గోడకు సున్నం వేస్తూ పాడుతోంది. ఆమె వెనకనుంచి ఒక మేక వచ్చి బకెట్‌లోకి తొంగి చూసి పోతోంది. మనిషి పోయాక కూడా ఆ మేక అట్లా వచ్చిపోతూ ఉండడం నాకు పచ్చి అన్యాయంగా తోచింది.

మామకు మహబూబాబాద్‌లో, అంటే మా నోళ్లలో మానుకోటలో, పెండ్లి వీడియోలు తీసే చిన్న స్టూడియో ఉండేది. యాభై ఏండ్లు కూడా నిండలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా తమిళ పాటల పిచ్చి. దానివల్ల మనుషులు పోతారని ఏ డాక్టరూ చెప్పగా నేను వినలేదు.

పైగా ఆయన పోవడానికి వీల్లేని సమయం అది. మా అక్క పెండ్లికి నెల కూడా లేదు. పెండ్లికూతురిని వెదురు గంపలో కూర్చోబెట్టి, ఒక పక్క మేనమామ, ఇంకో పక్క ఆయన వరుసవాడు ఎవరో పట్టుకుని మండపానికి మోసుకొస్తారు, అది మాలో పద్ధతి. మామ ఇన్నేండ్లలో ఎంతమంది మేనమామలను కెమెరాలో పట్టాడో లెక్కలేదు. ఈసారి ఆయనే మేనమామ. జీవితంలో మొదటిసారి కెమెరా వెనకనుంచి ముందుకు రావాలి. ఆయన గంప మోస్తుంటే తీయాల్సింది నేను. ఆ ఒక్క షాటూ తమిళ పాటలోలాగా రావాలని ఆయన పట్టుదల. మా ఇంట్లో బంగారం గురించి కూడా అంత చర్చ జరగలేదు.

స్టూడియో వెనక గదిలో ఒక టీవీ ఉండేది. గిరాకీ లేని మధ్యాహ్నాలు అందులో తమిళ పాటలు మూగగా నడిచేవి. కాలేజీ సెలవులకు పోతే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

"మామా, నీకు తమిళం ఒక్క ముక్క రాదు గద?"

"రాదు గాబట్టే సూస్తున్న. వస్తే ఇనుకుంట కూసుంటుంటి."

"సౌండన్న పెట్టు."

"సౌండ్ పెడితే పాట బాగుందంటవు. గది నాకు ఎరుకేరా. తీసుడు ఎట్లుందో సూడు."

ఒక పాట నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉంది, తర్వాత దొంగతనంగా సౌండ్ పెట్టుకుని కూడా చూశాను. మేడ మీద తీగ నిండా తడి చీరలు. ఇటు అమ్మాయి, అటు అబ్బాయి. పల్లవి అయ్యేదాకా చీరల కింద వాళ్ల పాదాలు మాత్రమే కనబడతాయి. మధ్యలో సంగీతం వచ్చినప్పుడల్లా ఆమె ఆరిన చీర ఒకటి తీసి భుజాన వేసుకుంటుంది. మొదటి చరణానికి చేతులు కనబడతాయి, రెండో చరణానికి ముఖాలు. ఆఖరుకు తీగ ఖాళీ అవుతుంది. అప్పుడు, అడ్డం ఏమీ లేకుండా పోయాక, ఇద్దరూ సిగ్గుపడి చెరో దిక్కు తిరుగుతారు. పాట అయిపోతుంది.

మామ టీవీ ఆపి నా వైపు తిరిగాడు. "ఒక్కొక్క చీర తీసుకుంట కథ నడిపిండా లేదా?"

"నడిపిండు."

"మనోళ్లైతే గదే పాటల చీర మీద చీర మారుస్తరు. కథ మాత్రం ఆడనే నిలవడుతది."

తెలుగువాళ్ల పరువు మొత్తం నా భుజాల మీదే ఉందన్నట్టు నేను వాదించేవాడిని. మన పాటల్లో డాన్సు ఉంటుంది, రంగులు ఉంటాయి, హుషారు ఉంటుంది అనేవాడిని. ఆయన కాదనేవాడు కాదు. "మస్తు ఎగురుతరు. గాని ఊరేదిరా? పాట మొదలు గాంగనే ఊరు ఊరంత పని ఇడిసిపెట్టి లైన్ల నిలవడుతది. గీళ్ల పాటల్ల సూడు, ముందట ఈళ్లు పాడుకుంటనే ఉంటరు, ఎనుక బస్సెక్కెటోడు బస్సెక్కుతనే ఉంటడు."

అట్లాగని గుడ్డి భక్తుడు కూడా కాదు. తమిళ హీరో మంచుకొండల మీదికి పోగానే రిమోట్ అందుకునేవాడు. "ఇగ వీడు గూడ మనోడే అయిండు" అని ఛానల్ మార్చేవాడు.

ఒకసారి ఒక జాతర పాట చూపిస్తూ తెర మూలలో వేలు పెట్టాడు. ఆడేవాళ్ల గుంపులో ఒక ముసలామె స్టెప్పు తప్పి, పక్కామెను చూసి నవ్వుకుంది. "తీసెయ్యలే సూశినవా? గామె తప్పింది గాబట్టే గది ఊరు" అన్నాడు. మళ్లీ అన్నాడు: "గీ పాటల్ల మనసొంటోళ్లు కనబడుతరురా. నల్లగ, చెమట తోటి. మన సినిమాల మనోడు మన యాసల నోరు తెరిస్తే జనం నవ్వుడే ఉండె గద." అప్పుడు నేనేమీ జోక్ వేయలేదు. వేయనందుకు నాకే ఆశ్చర్యంగా ఉండింది.

చూసింది చూసినట్టు ఊరుకునే మనిషైతే కథ వేరు. కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక జంటకు పెండ్లికి ముందు పాట తీయడానికి ఒప్పుకున్నాడు. ముందురోజు పోయి హమాలీలకు దండం పెట్టి మరీ చెప్పాడు: "అన్నా, మీరేం జెయ్యొద్దు. రోజూ జేసే పనే జేసుకోండ్రి. నేను ఎనుక నుంచి తీసుకుంట." వాళ్లు సరేనన్నారు. మరునాడు మేం పోయేసరికి హమాలీలందరూ తెల్లటి ఇస్త్రీ అంగీలు వేసుకుని, తలకు నూనె పెట్టి, మొఖాలకు పౌడరు కొట్టుకుని, పత్తి బస్తాల ముందు రెండు లైన్లుగా నిలబడి ఉన్నారు. వాళ్ల మేస్త్రీ ముందుకొచ్చి "స్టెప్పు జెప్పు సార్" అన్నాడు.

మామ బస్తా మీద కూలబడి తల పట్టుకున్నాడు. "మనోళ్ల నెత్తుర్లనే ఉన్నదిరా గీ లైను" అన్నాడు నాతో. అంతలో ఒక లారీ వచ్చి హారన్ కొట్టింది. లైను చెదిరిపోయింది. తెల్ల అంగీల్లోనే అందరూ బస్తాలకు ఉరికారు. మామ లేచి కెమెరా అందుకున్న వేగం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆ పాటలో జంట నడుస్తూ ఉంటుంది, వెనక తెల్ల అంగీల మీద పత్తి పడుతూ ఉంటుంది. పౌడరు ఏదో పత్తి ఏదో తెలియదు. పెండ్లికొడుకు తండ్రి చూసి "మా పిలగాని కన్న హమాలీలే మంచిగ పడ్డరు" అని అలిగాడు. మామ దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

అక్క పెండ్లి ఖాయం కాగానే మామ జనగామ వచ్చి ఫంక్షన్ హాలు మొత్తం తిరిగాడు. గది నుంచి మండపం దాకా గంప వచ్చే దారి చూసుకున్నాడు. నన్ను ఒక స్తంభం పక్కన నిలబెట్టాడు.

"గీడనే ఉండు. ఉరుకకు. బ్యాండోళ్లను ఆపకు, పిలగాండ్లను తరమకు. కుర్చీలు ఏసెటోడు ఏసుకుంటనే ఉండాలె. గాళ్ల నడిమిట్ల నుంచి గంప రావాలె. బిడ్డ మొఖం తియ్యి. నా మొఖం మీదికి రాకు."

"మరి నువ్వు?"

"గంప కింద నడిచే కాళ్లు నావే గద. గవి చాలు."

తీరా ట్రయల్ వేద్దామని సగం బియ్యం బస్తా చేతుల్లో పెట్టి, నేను కెమెరా ఆన్ చేశానో లేదో, మామ నడక మరిచిపోయాడు. అన్నేండ్లుగా పెండ్లిండ్లలో అందరికీ నడక నేర్పిన మనిషి, కవాతు చేసే పోలీసులా బిగుసుకుపోయాడు.

"మామా, కెమెరా దిక్కు సూడకు!"

"సూస్తలేనురా!"

"సూస్తున్నవ్! మేస్త్రీ లెక్క నిలవడ్డవ్!"

మాతో వచ్చిన అక్క గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన బస్తా దించి, తనకూ నవ్వాగక, "గింత కష్టమా ఇది? పాపం, ఎంతమందిని తిట్టిన్నో" అన్నాడు.

చనిపోయే ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "నడక కుదిరింది అల్లుడా. మీ అత్తను అడుగు. ఇయ్యాల మంచిగ నడిచిన." నేను "వీడియో తీసి పంపు, మార్కులేస్త" అన్నాను. "పెండ్లిలనే సూద్దువు తియ్యి, గాడిదా" అని పెట్టేశాడు. అదే ఆఖరి మాట. నేను ఇప్పటికీ నమ్మలేకపోతున్నది చావును కాదు. సాయంత్రం అంత బాగా నడిచిన మనిషి తెల్లారేసరికి నడవకపోవడాన్ని.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫోటో దొరకలేదు. ఇంటి నిండా ఆల్బమ్‌లే, ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించాం. అందులో మామ కండ్లు పెద్దవి చేసుకుని, ఈ వార్త ఇప్పుడే ఎవరో చెప్పినట్టు చూస్తున్నాడు. చూడడానికి వచ్చినవాళ్లందరిలో మా ముఖాలకు సరిపోయే ముఖం అదొక్కటే.

పెద్దకర్మ అయ్యాక పెండ్లి మాట వచ్చింది. పిల్లగాడిది భూపాలపల్లి, బొగ్గుగనిలో ఉద్యోగం, సెలవు దొరకడం కష్టం. ముహూర్తం మార్చొద్దనుకున్నారు. మిగిలింది గంప. అమ్మకు మామ ఒక్కడే తమ్ముడు. మా పెదబాపు, అంటే నాన్నకు అన్న, తీర్పు చెప్పాడు: "నర్సింహులపేటల వరుసకు మామ ఒకాయన ఉన్నడు గద. ఆయన పడుతడు."

అన్ని రోజులుగా మాట్లాడని అక్క అప్పుడు మాట్లాడింది. "ఆయన ఎవ్వలో నాకు ఎరుకలేదు. నేను గంపల కూసోను. నడిచి వస్త."

"మేనమామ లేనిదాని లెక్క నడిచొస్తవా బిడ్డా?" అని అమ్మ ఏడ్చింది.

"లేడు గద అమ్మా" అంది అక్క.

పెండ్లినాడు నేను మామ చెప్పిన స్తంభం పక్కనే నిలబడ్డాను. అత్త వచ్చింది, కానీ ముందుకు రాలేదు. రావొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండానే ఆమె వంటల దిక్కు పోయి కూర్చుంది. పంతులు "పెండ్లికూతురిని తీసుకురండి" అని కేక వేశాడు. అక్క గది గడపలో నడవడానికి సిద్ధంగా నిలబడింది. పక్కన గంప ఖాళీగా ఉంది. నర్సింహులపేట మామ, ఎందుకైనా మంచిదని, నడుముకు తువ్వాల బిగించుకుని ఉన్నాడు. నేను కెమెరా ఆన్ చేశాను.

వంటల దిక్కునుంచి అత్త నడుచుకుంటూ వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని గంపకు ఒక పక్క వంగింది.

"కూసో బిడ్డా."

"అత్తా, నువ్వు..."

"ఆయనుంటే కూసుంటుంటివి గద. కూసో."

పెదబాపు గబగబా వచ్చాడు. "ఏందమ్మా గిది? నలుగురేమంటరు?"

"అననియ్యి అన్నా. గిది ఆయన పని. జేసి పోత." తల ఎత్తకుండానే అమ్మను పిలిచింది. "వదినె, గా దిక్కు పట్టు."

అమ్మ ఎవరినీ అడగలేదు. వచ్చి పట్టింది. అక్క కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్లు గంప లేపారు. అది అమ్మ వైపు ఒరిగింది, అక్క అత్త భుజం గట్టిగా పట్టుకుంది. నేను స్తంభం దగ్గరనుంచి కదలకుండా అక్క ముఖం మీదే కెమెరా ఉంచాను.

హాలు నడుమకు వచ్చేసరికి అత్త ఆయాసపడింది. "ఆగు వదినె, దించు" అంది. దించారు. మండపంలో పెండ్లికొడుకు సగం లేచి నిలబడ్డాడు. అమ్మ నడుం పట్టుకుని ఊపిరి పీల్చుకుంటోంది. అత్త గంప పక్కన గొంతుక్కూర్చుని, కొంగు చివరతో, బాసింగం కదలకుండా, అక్క నుదుటి చెమట తుడిచింది. అక్క ఆ కొంగునే అందుకుని, బొట్టు లేని అత్త నుదురు తుడిచింది. గంప ఇంకా నేల మీదే ఉంది.